ఏడో వరస పాముగుడ్ల పెట్టె

పర్మిట్ మొదటి రోజు

పేరయ్య గారూ, లోపల వేడి పెట్టుకున్నోళ్ళు రోజూ రెండు ముక్కలు టైపు చేసి పంపాలన్నారు గదా, పంపుతన్నా. రెండు ముక్కల్లో ఆపడం నాకు రాదు. కొట్లో కూడా అంతే, తలుపు రబ్బరు కోసం వచ్చినోళ్ళు రబ్బరుతో పాటు నాలుగు కబుర్లు మోసుకుపోవాల్సిందే. చెయ్యి గబగబా పడుద్ది, తప్పులుంటే మీరే సర్దుకోండి.

మీరు మూడో గోడౌను నుంచి మాకు ఆఫీసరుగా కొత్తగా వచ్చారు గనక మా సంగతి ముందే చెప్పేస్తా. ఇది ఐదో గోడౌను. తాతల కాలంలో మిరప టిక్కీలు, అదే కాయల బస్తాలు, చల్లగా దాచిన అరల్లోనే బయటి ఎండకి తాళలేక ఇప్పుడు మేం ఉంటన్నాం. నాది ఏడో వరస, ఎండగోడని ఆనుకుని ఉండే వరస. పేరు సుగుణమ్మ. తలుపు రబ్బర్లు, ఫ్యాన్ రెక్కలు, డ్రెయిను గొట్టాలు అమ్ముతా. మా అరలో నేను, మా తమ్ముడు ఏసుపాదం, ఒక జెర్రిపోతు. జెర్రిపోతు అంటారు గానీ మాది ఆడది. మేడం అని పిలుస్తాం, ఎందుకంటే తనకి కుదిరినప్పుడే వస్తది, మనం పిలిస్తే రాదు.

నిన్న మేడం ఊక బస్తాలో గుడ్లు పెట్టింది. పదకొండు. వాటి కోసమే ఈ పర్మిట్.

ఇంత గోల ఎందుకంటారేమో. మా గోడలో థర్మాకోల్‌ని ఎలకలు తినేస్తన్నాయి. మందు పెట్టడానికి లేదు, ఎలక గోడలో చచ్చిందంటే ఆ గాలే తిరిగి తిరిగి అందరం పీల్చాలి. మేడం ఉంది గానీ తిని తిని లావైంది, ఆ బొక్కల్లో దూరదు. బయటికొచ్చిన ఎలకని పట్టుద్ది, లోపల గూట్లో ఉన్న కూనల్ని పట్టలేదు. పాముపిల్లలైతే దూరతాయి. కళ్ళు తెరవని ఎలక కూనల్ని అవి తింటా ఉంటే గోడ మిగులుద్ది. ఇదివరకు పాములోళ్ళు బయట నుంచి పిల్లల్ని తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు బయట గుడ్లు పెట్టినచోటే నేలలో ఉడికిపోతన్నాయంట, వాళ్ళు రావడం మానేశారు.

పోయినసారి గోడకి మీటరు పెట్టి చలి లెక్క తీస్తే మా వరస ఇరవై నాలుగు డిగ్రీలు చూపించింది. ఇరవై ఆరు దాటితే వరసకి అడ్డగోడ కట్టేసి మమ్మల్ని బయటి వసారాకి పంపేస్తారు. మిగతా వరసల చలి కాపాడుకోవాలి గదా, నేను కాదనను. వసారాలో నేను బతగ్గలను. మా ఏసుపాదం బతకలేడు. పైపుల వెల్డింగుకి బయటికి పోయి ఎండదెబ్బ తిన్న మనిషి. అప్పట్నించీ కాళ్ళు నిలవవు, ఒంటికి చెమట పట్టదు. లోపలికి పోయిన వేడి బయటికి రాదు. వసారాలో వారం కూడా ఉండడని డాక్టరమ్మ వాడి మొహం మీదే చెప్పింది.

అందుకని ఈ గుడ్లు పిల్లలవ్వాలి. ఇంతే సంగతి.

రెండో రోజు

గుడ్లకి ముప్పై దగ్గర వేడి కావాలి, తడిగాలి కావాలి. మనోళ్ళందరికీ చల్లబరచడం వచ్చు, వెచ్చగా ఉంచడం ఒక్కళ్ళకీ రాదు. పాములోళ్ళు వచ్చే రోజుల్లో ఏసు వాళ్ళ పక్కన కూర్చుని కొంత విన్నాడు. అది పట్టుకుని మంచం మీద నుంచే నాకు హుకుంలు.

"గుడ్డు ఎట్టా ఉంటే అట్టానే ఎత్తు అక్కా. పైనున్న వైపు పైనే ఉండాల. కోడిగుడ్డు కాదు తిప్పడానికి. తిప్పావంటే లోపల పిల్ల ఊపిరాడక పోద్ది. ఎందుకైనా మంచిది, పైన బొగ్గుతో ఒక చుక్క పెట్టు."

పెట్టా. మేడం గుడ్ల చుట్టూ మెలేసుకుని ఉంటే ఒక చేత్తో ఆమెని జరుపుతా, ఇంకో చేత్తో చుక్కలు. కరవలేదు. ఒకసారి బుస కొట్టి మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం ఒకటో గోడౌను నుంచి ఒకాయన తయారుగా ఉన్న గుడ్లు పొదిగే పెట్టె పట్టుకొచ్చాడు. అద్దం తలుపు, పచ్చ అంకెలు.

"ఇది పెట్టుకుంటే మీరేం చూడక్కర్లేదమ్మా, అన్నీ అదే చూసుకుంటది."

"మరి మేమేం చెయ్యాల?" అన్నాడు ఏసు.

"హాయిగా పడుకోవచ్చు."

"అది నాకు పెట్టె లేకుండానే వచ్చయ్యా."

కరెంటు ఎంత తాగుద్దని అడిగా. మా వరస మొత్తానికి వచ్చే కోటాలో సగం అంట. తలుపు చుట్టూ వేలు పెట్టి చూశా, మూల దగ్గర రబ్బరు లేచి ఉంది. తాగదా మరి. రబ్బరు మార్చి పంపించా, పెట్టె మాత్రం తీసుకోలా.

తర్వాత కంప్రెసర్ వెనక మేడం గూట్లో థర్మామీటరు పెట్టి కూర్చున్నా. ఆమె పొద్దున్నే ఒళ్ళు కాచుకునేది అక్కడే. మోటారు నడిస్తే ముప్పై ఆరు, ఆగితే ఇరవై రెండు. పైగా అదురు. పాముకైతే వేడెక్కితే లేచి పోయే వీలుంది, గుడ్డు లేచి ఎక్కడికి పోద్ది.

మూడో రోజు

పొద్దున కొట్టు తెరుస్తా ఉంటే తట్టింది. చేపల ఐస్ పెట్టె. చలిని బయటికి పోనియ్యని పెట్టె వేడిని మాత్రం ఎందుకు పోనిస్తది? పెట్టెకి తెలవదు గదా లోపలున్నది ఏందో.

పక్క అరలో మస్తాన్‌వలి దగ్గర అలాంటిది ఉంది. గేటు దగ్గర హమాలీ, మీరు చూసే ఉంటారు, వెడల్పు భుజాలు, చిన్న గొంతు. అడగ్గానే ఇచ్చాడు. మరి వేడి ఎక్కణ్ణించి? లోపల పొయ్యి పెట్టడానికి లేదు, కరెంటు కోటా చాలదు. బయటేమో కావాల్సినంత ఎండ ఊరికే పడి ఉంది. సీసాల్లో నీళ్ళు పోసి వసారా మెట్టు మీద పెడితే గంటలో చెయ్యి పెట్టలేం. ఆ సీసాలు లోపలికి తేవాలి. పర్మిట్‌లో మీరు ఇవాళ కొత్తగా ఎక్కించిన రోజుకి ఎనిమిది సీసాలు అవే.

మస్తాను తల గోక్కున్నాడు. "ఇన్నాళ్ళూ ఒళ్ళు చల్లారకుండా లోపలికొచ్చినోళ్ళని గేటు దగ్గర ఆపింది నేనక్కా. పెళ్ళికొడుకుని కూడా ఆపా. ఇప్పుడు నేనే వేడి చంకన పెట్టుకుని రావాలా?"

"పర్మిట్ ఉందిరా."

"పర్మిట్ నీ దగ్గరుంటది, మొహం నాది."

అయినా తెచ్చాడు.

ఐదో రోజు

పెట్టె అయింది. అడుగున సీసాలు పడుకోబెట్టా. మీద ఇనప జాలీ, జాలీ మీద పళ్ళెం, పళ్ళెంలో తడి కొబ్బరిపొట్టు. పిండితే చుక్క రాకూడదు, అంత తడి. అందులో గుడ్లు సగం దిగేట్టు, చుక్కలు పైకి ఉండేట్టు. మూతకి నా సొంత సరుకు, దళసరి రబ్బరు వేశా. ఎంత బాగా పట్టిందంటే మూత తీస్తే ముద్దు పెట్టినట్టు చప్పుడొచ్చింది.

అదే తప్పయింది. గాలి ఆడక మూతకి లోపల చెమట పట్టి గుడ్ల మీద టపటపా పడతా ఉంది. గుడ్డు మీద నీళ్ళు నిలిస్తే బూజొస్తది. మళ్ళీ విప్పా. పక్కన రెండు బెజ్జాలు కొట్టి, గుడ్ల మీద గాజుపలక ఏటవాలుగా పెట్టా. ఇప్పుడు బొట్లు పలక మీద నుంచి జారి మూలకి పోతన్నాయి.

ఏసు తన దుప్పటి తీసి ఇచ్చాడు పెట్టె చుట్టూ కట్టమని.

"నీకో?"

"చలేస్తే గదా. నేను దుప్పటి కప్పుకుని ఏడాదైంది."

నిజమే. ఏడాది కిందట వాడు రోజూ ముసుగు తన్ని పడుకునేవాడు. గోడ అప్పుడు నిండుగా ఉండేది.

తొమ్మిదో రోజు

పెట్టె లోపల ఇరవై తొమ్మిది, ముప్పై. పొద్దున నాలుగు సీసాలు, సాయంత్రం నాలుగు. చేతికి వెచ్చగా తగిలేదాకా చల్లనీళ్ళు కలిపి పెడతన్నా, మరీ వేడివి పెడితే థర్మామీటరు ముల్లు ఎగిరి కూర్చుంటది.

బేరాలు సరిగ్గా చెయ్యలేకపోతన్నా. ఎవరో రబ్బరు అడిగితే సగం కోసి, లేచి పోయి ముల్లు చూసి, వచ్చి మిగతా సగం వంకరగా కోశా. ఏసు అంటాడు, "నువ్వు చూసినప్పుడల్లా అది పెరగదే. పాలు కాదు పొంగడానికి." పాలైతే నయం, పొంగాక దించెయ్యొచ్చు.

గోడలో కరకర వినపడతా ఉంది. రాత్రి, పగలు, ఎప్పుడూ. చిన్నప్పట్నించీ ఉన్నదే, ఇదివరకు చెవిన పడేది కాదు. ఇప్పుడు ప్రతి కొరుకుడూ లెక్కపెట్టుకుంటన్నట్టుంది నాకు.

మేడం పెట్టె మూత మీదకి మకాం మార్చింది. ఆమె కిందనే తన గుడ్లున్నాయని తెలుసో, లేక అక్కడ వెచ్చగా ఉందనో, అడిగితే చెప్పదు.

పంతొమ్మిదో రోజు

పేరయ్య గారూ, ఈ రోజు చెడ్డ కబురు.

మధ్యాహ్నం మూత తీశా. చుక్కలు కనపడలా. తడికి చెరిగిపోయాయేమో అనుకుని ఒక గుడ్డు కింద వేలు పెట్టా. వేలికి బొగ్గంటింది.

పదకొండూ తిరగేసి ఉన్నాయి. ఎంతో నీటుగా, ఒక్కటీ పక్కదానికి తగలకుండా.

ఈ అలవాటు మీ గోడౌనులో కూడా ఉండే ఉంటది. టిక్కీల నాటిది. టిక్కీ ఒకే వైపు పడి ఉంటే కింద చెమ్మ పట్టి కాయ నల్లబడుద్ది. అందుకని పైన సుద్దతో గుర్తు పెట్టేవాళ్ళు. గుర్తు కనపడిందా, అటు పోయే మనిషి ఎవరైనా సరే ఆగి తిరగేసి పోవాలి. గుర్తు కిందకి పోతే పనైనట్టు. టిక్కీలు పోయాయి గానీ చేతులకి అది పోలా. గుమ్మడికాయలు, పుట్టగొడుగుల బల్లలు, ఆరేసిన చాపలు, పైన గుర్తుంటే చెయ్యి దానంతటదే లేస్తది. మంచాన పడ్డ మనిషిని కూడా పుళ్ళు పడకుండా దారిన పోయేవాళ్ళు ఒకసారి తిప్పి పోతారు. మా ఏసుని రోజుకి పదిమంది తిప్పుతారు. "నా మీద గుర్తెక్కడుందో చూపించండయ్యా, చెరిపేసుకుంటా" అని అరుస్తా ఉంటాడు.

చుక్క పెట్టమన్నది ఏసు. పెట్టింది నేను. పాములోళ్ళకి అది ఇటు పైకి ఉండాలని గుర్తు. ఇక్కడోళ్ళకి తిరగెయ్యమని గుర్తు. ఇద్దరం ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగాం, మా ఇద్దరికీ తట్టలా.

రోజూ సీసాలు నేనే మారుస్తా. ఈ పొద్దున ఎవరో డ్రెయిను గొట్టం కోసం వచ్చి బేరం తెగనియ్యకపోతే మస్తాను తనే మార్చాడు. వాణ్ణే అడిగా.

"అవునక్కా, గుర్తులు పైకున్నాయి. నువ్వు అలిసిపోయి కనపడ్డావు. పోనీలే నేను తిప్పుదామని." నవ్వుతానే చెప్పాడు. నా మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

ఏసు మంచం మీద నుంచే మెడ ఎత్తి పెట్టె వైపు చూశాడు. తర్వాత, "వెనక్కి తిప్పు. మెల్లగా. తిప్పినట్టు కాదు, దొర్లించినట్టు. ఏ పక్కకి తిప్పావురా మస్తానూ?"

మస్తాను కుడిచెయ్యి చూపించాడు.

ఎడమవైపుకి దొర్లించా, ఒక్కోటి ఒక్కోటి. పదకొండు చుక్కలు మళ్ళీ నా మొహం చూశాయి.

ఇరవయ్యో రోజు

సీసాలు రాలా. ముల్లు ఇరవై ఏడుకి దిగింది. నేనే గేటుకి పోయా. చల్లారే గదిలో మస్తాను బల్ల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన నాలుగు సీసాలు. అందరూ ఒళ్ళు చల్లారేదాకా అక్కడ కూర్చుని లోపలికొస్తారు, వీడు సీసాలు చల్లారతా ఉంటే చూస్తా కూర్చున్నాడు.

"నేనింక ఆ పెట్టె ముట్టుకోనక్కా."

"ముట్టుకోవద్దు. మొయ్యి చాలు."

"ఏసన్నని కూడా రోజూ తిప్పుతా గదా. అది కూడా తప్పేనా?"

"వాడు తిప్పించుకుని తిడతాడు. గుడ్డు తిట్టలేదు, అందుకే మనం చూసుకోవాలి. లే."

లేచాడు. సీసాలు చల్లబడిపోయాయి గదా, మళ్ళీ ఎండలో పెట్టి తేవడానికి బయటికి పోయాడు. మిట్టమధ్యాహ్నం. ఆ వేళప్పుడు ఎవరూ గడప దాటరు.

ముప్పయ్యో రోజు

నాలుగు పోయాయి. ముందు సొట్టపడ్డాయి, తర్వాత పసుపుపచ్చగా అయ్యాయి, బూజొచ్చింది. మిగతావాటికి అంటకుండా తీసేశా. మిగిలిన ఏడు కదపకుండా పక్క నుంచి టార్చి వేసి చూశాం. లోపల ఎర్రదారాలు పరుచుకున్నట్టు నరాలు. ఏసుని మంచంతో సహా దగ్గరికి లాగి చూపించా. వాడు ఊపిరి బిగబట్టి చూశాడు, ఒక గుడ్డులో దారం ఒకటి కొట్టుకుంటా ఉంది.

"పోయినవి నాలుగేనా?" అన్నాడు మస్తాను గుమ్మం బయట నుంచే.

"నాలుగే. లోపలికి రా."

రాలా.

నలభై రెండో రోజు

మా వరస ఇరవై ఐదు దాటింది. ఎండగోడ చెయ్యి ఆనిస్తే తెలుస్తంది. నిన్న పడమటి మూల థర్మాకోల్ పిండిలా రాలింది, ఊడ్చి పోస్తే చేటెడు.

ఒక చిత్రం జరుగుతంది పేరయ్య గారూ. రోజుకి ఎనిమిది సీసాలు పెట్టేదాన్ని, ఇప్పుడు ఐదు చాలుతన్నాయి. పెట్టె లోపల ముల్లు బావుంది, కదలకుండా నిలబడింది. గుడ్లు నిగనిగలాడతన్నాయి. పెట్టె బయట మా తమ్ముడి అరికాళ్ళు కాలిపోతన్నాయి. వరస వేడెక్కే కొద్దీ వాటికి మంచిది, వీడికి చెడ్డది. తడిగుడ్డ వేసి విసురుతా ఉంటే వీడు గుడ్ల సంగతి అడుగుతాడు.

"ఎట్టా ఉన్నాయే?"

"నీకన్నా బావున్నాయి."

"పోనీ ఒకళ్ళయినా."

నలభై తొమ్మిదో రోజు

మధ్యాహ్నాలు ఏసుకి ఊపిరి గసపోస్తంది. నాలుగు రోజుల కిందట మస్తాను వాణ్ణి భుజాన వేసుకుని మూడో వరస నడవలోకి మార్చాడు, అక్కడ చల్లగా ఉంటది. చిక్కేందంటే అది అందరూ నడిచే దారి. సాయంత్రానికి ముప్పైసార్లు తిప్పారంట. "అక్కా, నన్ను వెనక్కి తీసుకుపో, ఎండకి పోతానేమో గానీ వీళ్ళ మంచితనానికి ఈ పూటే పోతా" అన్నాడు. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

వాడు అక్కడుంటే, నేను వాడి దగ్గరుంటే, పెట్టె దగ్గర ఎవరు? పాముగుడ్లు చూడ్డానికి వరసలోళ్ళు వస్తానే ఉంటారు. గాజుపలక కింద ఏడు నల్లచుక్కలు పైకి చూస్తా ఉంటాయి. చుక్కలు తుడిచేద్దామంటే తడిపొట్టులో గుడ్డు కదులుద్ది. మూతకి కాగితం అంటించి తిప్పొద్దని రాశా. చదివి కూడా ఒకావిడ చెయ్యి పెట్టబోయింది. చేతికి చదువేంది.

చివరికి మస్తానే గుమ్మం దాటి లోపలికొచ్చాడు. పెట్టె పక్కన గోడకి ఆనుకుని కూర్చుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

"నేను చూస్తా. నువ్వు అన్న దగ్గరికి పో."

"చేతులేంట్రా అట్టా పెట్టావు?"

"వీటి మీద నాకు నమ్మకం లేదక్కా."

అప్పట్నించీ రోజూ మధ్యాహ్నం గేటు పని ముగించుకుని వచ్చి అట్టానే కూర్చుంటన్నాడు. ఎవరన్నా వంగితే, "ఆ, దూరం" అంటాడు ఆ చిన్న గొంతుతో. మేడం ఒకరోజు వాడి ఒళ్ళోకి ఎక్కి పడుకుంది, వాడు ఉలకలా పలకలా.

యాభై ఎనిమిదో రోజు

మీ కబురు అందింది. చలి లెక్కకి మీరు నాలుగు రోజుల్లో వస్తన్నారని. ఇరవై ఆరు మీద సగం గీత దాటి ఉంది ముల్లు. దాచడం లేదు, ఉన్నదే రాస్తన్నా.

గుడ్ల చర్మం మెత్తబడింది. ఏసు అంటాడు అది మంచి గుర్తేనని. మంచి గుర్తులు నాకొద్దు, పిల్లలు కావాలి. ఒక చోట నిలవలేక కొట్లో రబ్బర్లన్నీ కిందపోసి పొడుగుల ప్రకారం మళ్ళీ పేర్చా. పేర్చి చూస్తే ముందు ఉన్నట్టే ఉంది.

అరవయ్యో రోజు

ఒక గుడ్డు మీద గీత. బ్లేడుతో కోసినట్టు. దాంట్లోంచి ముక్కు. ముక్కు బయటపెట్టి మమ్మల్ని చూస్తా అట్టానే ఉండిపోయింది పూటంతా, బయటికి రావాలా వద్దా అని ఆలోచిస్తన్నట్టు. ఏసుని మస్తాను ఎత్తుకొచ్చాడు. ముగ్గురం పెట్టె చుట్టూ. గట్టిగా మాట్లాడితే అది లోపలికి పోద్దేమోనని గుసగుసలు.

సాయంత్రానికి ఆరు బయటికొచ్చాయి. ఒక్కోటి మూరెడు లేదు, నా చిటికెన వేలంత సన్నం. పొట్ట కింద జిగురు తడి. ఒకటి అప్పుడే మస్తాను బొటనవేలు కరిచింది. "కరవనీ" అన్నాడు. "దానికి బాకీ ఉన్నా."

ఏడోది కదల్లా. చుక్క పైకి పెట్టుకుని అట్టానే ఉంది. ఏసు తియ్యొద్దన్నాడు.

అరవై ఒకటో రోజు

పడమటి మూల బొక్కల దగ్గర ఒక్కోదాన్నీ వదిలాం. ఇక్కడే భయం. పుట్టిన పాముపిల్ల తొలి కుబుసం విడిచేదాకా తినదంట, దానికి వారం పది రోజులు పట్టుద్దని ఏసు ఇప్పుడు చెప్తన్నాడు. ముందే చెప్తే నేను నిద్రపోనని చెప్పలేదంట. పోనీ గోడలోకైనా పోతాయా, డ్రెయినులో పడి కొట్టుకుపోతాయా?

మొదటిది నాలిక ఆడించి గోడ వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత తోక కూడా కనపడకుండా పోయింది. దాని వెనక మిగతావి. మేడం దూరం నుంచి చూసి కంప్రెసర్ వెనక్కి పోయింది, తన పనైపోయినట్టు.

అరవై రెండో రోజు

ఇది మీరు పోయాక రాస్తన్నా. మీకు తెలిసిందే మీకు రాయడం ఏంటంటారేమో, కానీ పర్మిట్‌లో రోజూ రాయాలన్నారు గదా.

మీరు వచ్చారు. మీటరు గోడకి ఆనించారు. ఇరవై ఆరున్నర. మీ వెనక అడ్డగోడ కట్టే మనిషి కొలతటేపు పట్టుకుని నిలబడ్డాడు. నేనేం బతిమాలలా. ఆరు పిల్లలు గోడలో ఉన్నాయని మాత్రం చెప్పా. కనపడేవి కావు గదా చూపించడానికి. మీరు తల ఊపారు. మంచం మీద ఏసుని చూశారు. వాడు, "చల్లారారా సార్, మంచినీళ్ళు తాగుతారా?" అని మర్యాద చేశాడు. వాడి గొంతులో మాట సగమే వస్తంది.

తర్వాత మీరు పెట్టె దగ్గరికి వచ్చారు. పలక ఎత్తారు. ఏడో గుడ్డు, దాని మీద నల్లచుక్క.

మీ చెయ్యి లేచింది పేరయ్య గారూ. నేను చూశా, మస్తాను చూశాడు. మాటల్లో ఉండి మీరు చూసుకోలా. వేళ్ళు గుడ్డు దాకా పోయాయి. మస్తాను నోరు తెరిచాడు గానీ, ఆఫీసరుని ఎట్టా ఆపాలో తెలియక అట్టానే ఉండిపోయాడు.

మీ చెయ్యి అక్కడే ఆగింది. కాసేపు గాల్లో నిలబడి వెనక్కి వచ్చింది. మీరు దాన్ని జేబులో పెట్టుకున్నారు.

అప్పుడు నాకు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను వాగిందంతా మీరు చదివారని.

"ముల్లు ఇంకా ఊగుతా ఉంది. నిలబడ్డాక వచ్చి చూస్తా" అన్నారు. ముల్లు ఊగడం లేదు. టేపు మనిషి ఏదో అనబోతే, "నీకు కనపడదులే, పద" అని తీసుకుపోయారు.

డెబ్భై ఐదో రోజు

చెడ్డ వారం గడిచింది. ఏసుకి రెండుసార్లు స్పృహ తప్పింది. వరసలోళ్ళందరూ తలా ఒక బక్కెట్టు చల్లనీళ్ళు మోశారు. మస్తాను రెండు పూటలా ఏసుని తిప్పాడు, ఇప్పుడు వీడు తిట్టడం లేదు. అది చూసే నాకు భయం వేసింది.

నిన్న బొక్క దగ్గర దారంలాంటిది దొరికింది. కుబుసం. ఈ రోజు ఇంకో రెండు.

ఎనభై ఎనిమిదో రోజు

పొద్దున మెలకువ వచ్చి కూర్చున్నా. ఏదో తేడాగా ఉంది. కంప్రెసర్ ఆగిందా, ఫ్యాన్ ఆగిందా అని తిరిగి చూశా. అన్నీ నడుస్తన్నాయి. అటూ ఇటూ తిరుగుతా ఉంటే పక్క అరలో మస్తాను కూడా లేచి నిలబడి ఉన్నాడు, ఆ పక్కావిడ కూడా. అందరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటన్నాం.

గోడలో కరకర లేదు.

పుట్టినప్పట్నించీ విన్న చప్పుడు. అది లేకపోయేసరికి వరసలో ఒక్కళ్ళూ మళ్ళీ నడుం వాల్చలేకపోయారు. పొద్దున్నే పని మొదలెట్టాం. పాత ఐస్ పెట్టెల థర్మాకోల్ పొడి చేసి, సున్నంలో కలిపి, గోడలో బోలుగా ఉన్నచోటల్లా కూరాం. పాముపిల్లల కోసం ఆరు బొక్కలు మాత్రం వదిలాం. వాటికి అంచుల్లో రబ్బరు వేశా, నా సరుకే.

పర్మిట్ ఆఖరి రోజు

మా వరస ఇరవై రెండున్నర. మీరే వచ్చి చూసుకోవచ్చు, ముల్లు నిలబడే ఉంది.

ఇంక వేడి పనేం లేదు, పర్మిట్ వెనక్కి ఇచ్చేస్తన్నా. ఏడో గుడ్డు పిల్ల కాలా. మస్తాను దాన్ని వసారా అవతలికి తీసుకుపోయి మట్టిలో పెట్టి వచ్చాడు. చుక్క పైకి ఉండేట్టే పెట్టానన్నాడు.

మధ్యాహ్నం పెట్టె కడగడానికి విప్పుతన్నా. సీసాలు తీశా, జాలీ తీశా, పొట్టు పారబోశా. చుట్టూ కట్టిన దుప్పటి విప్పి ఉతకడానికి పక్కన పడేశా. ఏసు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని ఉన్నాడు. ఎవరన్నా తిప్పారేమో అనుకున్నా.

"అక్కా."

"ఏందిరా, నీళ్ళు కావాలా?"

"ఆ దుప్పటి ఇటియ్యి."

నాకు చప్పున అర్థం కాలా. "ఎందుకు?"

"ఎందుకేందే, చలేస్తంది."

ఉతకలేదురా అన్నా. ఇయ్యమన్నాడు. ఇచ్చా. ముక్కు దగ్గర పెట్టుకుని, "పాము కంపు కొడతందే" అని, నెత్తి మీదుగా ముసుగు తన్ని పడుకున్నాడు.

మస్తాను గేటు నుంచి వస్తా వస్తా అలవాటుగా మంచం దగ్గర ఆగాడు. చెయ్యి చాచాడు. దుప్పటి చూశాడు. చెయ్యి తీసేసుకుని, చప్పుడు కాకుండా తన అరలోకి పోయాడు.